పల్లాలమ్మగారి బల్లకు కొత్త వెర్షన్

శుక్రవారం, బహుళ దశమి

ఇవాళ్టి చిట్టా నేనే రాస్తున్నాను. రోజూ అయితే బల్లే రాసిపెడుతుంది, కింద వేలిముద్ర వేసి ఇంటికి పోవడమే మన పని. ఇవాళ కూడా రాసింది. "పోటు మామూలు. లాకులు వేళకు మూశారు. సిబ్బంది మధ్య వాతావరణం ప్రశాంతం." ప్రశాంతమట, దాని మొహం! మొత్తం చెరిపేశాను.

నా పేరు నూకరత్నం. తేలంక లాకుల గదిలో పనిచేస్తాను. ఊరంతా డ్రమ్ముల మీద తేలుతుంది కాబట్టి మాకు మునిగిపోతామన్న బెంగ లేదు. బెంగల్లా ఉప్పు గురించే. సముద్రం పోటెక్కే ముందు అటువైపు లాకులు మూసెయ్యాలి, పోటు తీసి పాటు మొదలయ్యాక గోదావరి లాకులు తెరిచి ఊరి మధ్యనున్న మంచినీళ్ళ మడుగు నింపుకోవాలి. గోదావరి వైపు లాకులు నా బల్ల మీద ఉంటాయి. సముద్రం లాకులూ, మడుగు తలుపూ ఎదురుగా ఉన్న పల్లాలమ్మగారి బల్ల మీద ఉంటాయి.

బల్ల అంటే అద్దపు బల్లే. లాకుకో బొమ్మ చొప్పున పైన కనిపిస్తాయి, నొక్కితే బయట గొలుసు కదులుతుంది. ఎవరి బల్ల వాళ్ళదే. పక్కింటావిడ పోపులపెట్టె మనం ఎలా సర్దమో, ఇంకొకరి బల్ల మీద బొమ్మ కూడా అలాగే జరపం. మా గదిలో అంతకు మించిన మర్యాద ఇంకోటి లేదు.

నా బల్లకి పోయిన ఏడాదే నలభై ఒకటో వెర్షన్ వేయించుకున్నాను. మన అలవాట్లు గమనించి, ఏ వేళకి ఏం కావాలో కనిపెట్టి, ఆ బొమ్మని తెచ్చి చేతికింద పెడుతుందది. పల్లాలమ్మగారిది ఇంకా ఇరవై ఎనిమిదే. శుక్రవారం శుక్రవారం ఆ బల్ల టింగుమని మోగి, "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. ఇప్పుడా, తర్వాతా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఒకసారి ఈ మూల లేస్తుంది, ఒకసారి ఆ మూల. మోగగానే ఆవిడ, "ఒసే రత్నం, వచ్చిందటే మీ చుట్టం? తర్వాత అని నొక్కెయ్యి" అంటారు. నేను లేచి వెళ్ళి నొక్కుతాను. ఆవిడ బల్ల మీద నా వేలు పడేది ఆ ఒక్కసారే.

ఇవాళ సంఘం ప్రెసిడెంటు గెద్దాడ సూర్రావుగారు గదికి వచ్చారు. రెండు బల్లలకీ రెండు వెర్షన్లేమిటమ్మా అని అడిగారు. ఇంకేం, పల్లాలమ్మగారికి ఊపొచ్చింది.

"మా ముత్తవ్వ కాలంలో నల్లటి తెర మీద అచ్చరాలు కొడితే పనయ్యేదంటండి. తర్వాత బొమ్మలెట్టారు, బానే ఉంది. మూలనో బొత్తం ఎట్టారు, జనం అలవాటు పడ్డారు. పడ్డారని తెలిసి తీసేశారు! మొత్తుకుంటే మళ్ళీ ఎట్టారు. ఆనక దాన్ని మూలనించి మధ్యకి జరిపారు. ఎందుకయ్యా అంటే కొత్తదనం అంట. ఒక బల్ల చాలదని నాలుగు బల్లలు ఒకదానెనక ఒకటి దాచారు. విండోలు వాటంతటవే ఎళ్ళి గోడలకి అతుక్కున్నాయి. మనం నిన్నేం చూశామో మనకంటే అదే బాగా గుర్తెట్టుకుంది. ఇప్పుడు బొమ్మలే లేచి నడుత్తన్నాయండి! రేపు బల్ల కూడా లేచెళ్ళిపోద్ది, మనం నేల మీద కూచోవాలి."

సూర్రావుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను ఊరుకోలేక, "కొత్తదైతే పని సగం అదే చేసేత్తాదండి, నా బల్ల చూడండి" అన్నాను.

"మరే," అన్నారు పల్లాలమ్మగారు. "దీనికి బల్ల పని రాదండి. బల్లే దీనిచేత పని చేయించుకుంటాది."

ఆయన మళ్ళీ నవ్వారు. నాలుగేళ్ళుగా ఆ గదిలో ఒక్క పోటు తప్పకుండా పనిచేస్తున్నాను నేను. ఒళ్ళు మండిపోయింది. ఆయన వెళ్ళిన కాసేపటికి ఆ బల్ల టింగుమంది. "నొక్కెయ్యవే" అన్నారు ఆవిడ, కిటికీ వైపు తిరిగి జడ అల్లుకుంటూ. వెళ్ళి నొక్కాను. "ఇప్పుడు" అని నొక్కాను.

చూద్దాం, ఈసారి ఎవరిచేత ఎవరు పని చేయించుకుంటారో.


ఆదివారం, ద్వాదశి

నిన్న పాటువేళ కొత్త వెర్షన్ దిగిపోయింది. ఇవాళ ఆవిడ బల్ల అంతా పచ్చరంగు. బొమ్మల మూలలు గుండ్రంగా అయ్యాయి. పైన కుడివైపు ఒక పిట్ట రెక్కలాడిస్తూ "కొత్త వెర్షన్‌కు స్వాగతం" అంటోంది. బొమ్మలు మాత్రం పాత చోటనే ఉన్నాయి. మొదట మూడు నాలుగు రోజులు ఊరికే గమనిస్తుంది, ఆ తర్వాతే సర్దడం మొదలుపెడుతుంది. నా బల్ల కూడా అలాగే చేసింది.

పొద్దున్నుంచీ తిట్ల కోసం కాచుకుని కూర్చున్నాను. ఆవిడ వచ్చారు, బల్ల అంచున చెయ్యి ఆనించారు, మూలనుంచి ఒక జాన కొలిచి, రెండు వేళ్ళు కిందికి దించి, ఎప్పటిలాగే నొక్కారు. లాకు గొలుసు చప్పుడు విని తల ఊపారు. ఒక్క మాటన్నా అనలేదు.

కోపమొచ్చి మాట్లాడటం లేదేమో అనుకున్నాను. మధ్యాహ్నం ఉన్నట్టుండి, "బల్ల నున్నగా ఉందేంటే ఇవాళ?" అన్నారు.

"నేను ముట్టుకోలేదండి పిన్నిగారూ!" అనేశాను.

"ముట్టుకున్నావని ఎవరన్నారే? తుడిచెళ్ళారేమో అంటన్నాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. తిడతారనుకున్న మనిషి తిట్టకపోతే ఇంత ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలియదు.


సోమవారం, త్రయోదశి

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ పిట్ట ఇంకా అక్కడే ఆడుతోంది. నేనైతే వచ్చిన క్షణంలో మూసి పారేసేదాన్ని. ఆవిడ రెండు రోజులుగా దాన్ని అలాగే ఉంచారు. చివరికి నేనే తేల్చేసుకుందామని, "ఆ పిట్టేంటండీ పిన్నిగారూ?" అన్నాను. అలా మొదలైతే తిట్టి వదిలేస్తారు, పీడా పోతుందనుకున్నాను.

"ఏ పిట్టే?" అన్నారు. కిటికీ వైపు తిరిగి, మొహం పైకెత్తి ఆకాశంలో వెతుకుతున్నారు.

పిట్ట ఆవిడ మోచేతి పక్కనే రెక్కలాడిస్తోంది.

"ఎగిరిపోయిందండి," అన్నాను.

"కొంగయ్యుంటాది," అన్నారు.

ఒక్కసారిగా అన్నీ కళ్ళముందుకొచ్చాయి. జాన కొలవడం, వేళ్ళు దించడం, గొలుసు చప్పుడు విని గానీ చెయ్యి తియ్యకపోవడం. మూల మూలల్లో లేచే ఆ ప్రశ్న నాచేత నొక్కించడం. అదంతా పెద్దరికం అనుకున్నాను, చాదస్తం అనుకున్నాను, వెనకాల నవ్వుకున్నాను కూడా. ఆవిడకి కళ్ళు కనపడటం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఏమో. చూపు తగ్గినవాళ్ళు బల్ల దిగిపోవాలన్నది తేలంక కట్టుబాటు, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఏ బొమ్మ ఎక్కడుందో చేతికి తెలుసు కాబట్టి ఇన్నాళ్ళూ ఒక్క లాకు తప్పకుండా నెట్టుకొచ్చారు.

అలాంటి మనిషి బల్ల మీదికి బొమ్మలు నడిచే వెర్షన్ ఎక్కించాను నేను. అదీ దొంగతనంగా, ఒక్క మాటకి ఉడుక్కుని.

రేపు పొద్దున్నే చెప్పేస్తాను.


మంగళవారం, చతుర్దశి

చెప్పలేదు.

ముందు పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళే దారి ఉందేమో చూశాను. పది రోజుల్లోపు అయితే ఉందట. కానీ ఒక పోటు దాటేదాకా బల్ల మూసెయ్యాలి, దానికి ప్రెసిడెంటుగారి అనుమతి కావాలి. ఆయన ఎందుకమ్మా అని అడుగుతారు. ఆవిడ ఒద్దన్నా నేను నొక్కానండి అనాలి. మరి పల్లాలమ్మ చూసుకోలేదా అంటారు. అప్పుడేం చెప్పను? నా తప్పు ఒప్పుకోవాలంటే ఆవిడ గుట్టు కూడా బయటపెట్టాలి. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది. అలా అని, నేను ఆగింది ఆవిడ గుట్టు కోసమే అని రాస్తే అది అబద్ధం. నన్ను బల్ల మీంచి దింపేస్తారన్న భయమే ఎక్కువ.

మధ్యాహ్నం బల్ల సర్దడం మొదలుపెట్టింది. ముందు చిన్న బొమ్మే జరిగింది. ఆవిడ ఊరి దీపాల బొమ్మ అనుకుని నొక్కితే ఊరి గంట మోగింది.

"అయ్యయ్యో, చెయ్యి జారింది," అని నవ్వారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "రత్నం, ఇవాళ నేను వచ్చాక కాఫీ తాగానా లేదా?" అని అడిగారు.

"తాగారండి."

"తాగాను కదా? నాకూ అలాగే గుర్తు," అన్నారు.

అప్పుడైనా చెప్పాల్సింది. ఇద్దరమే ఉన్నాం, వేళ కూడా కలిసొచ్చింది. తలుపు వేసి ఇంటికి వచ్చేశాను. రేపు అమావాస్య పోటు, పెద్దది. పోటుకి ముందే సూర్రావుగారి ఇంటికి వెళ్ళి మొత్తం చెప్పి ఆ బల్ల మూయించేస్తాను. ఒట్టు.


బుధవారం, అమావాస్య

వెళ్ళాను. రాసుకోవడానికి ఆ ఒక్క మంచి ముక్కే ఉంది కాబట్టి ముందు రాస్తున్నాను.

సూర్రావుగారు వసారాలో టిఫిను చేస్తున్నారు. "రావే రత్నం, కూచో కూచో. ఏవే, రత్నానికో పెసరట్టు" అని లోపలికి కేకేశారు. వద్దండీ ఓ మాట చెప్పాలి అన్నాను. "మాటెక్కడికి పోద్దే, తింటా చెప్పు" అన్నారు. విస్తట్లో పెసరట్టు పడింది. ఆయన రేపటి పడవల సంగతి ఎత్తారు. మధ్యలో నన్ను చూసి, "పల్లాలమ్మ తర్వాత పెద్ద బల్ల నీదేగా, జాగర్తగా నేర్చుకో" అన్నారు. నేను తల ఊపాను. పెసరట్టంతా తిన్నాను, అల్లం పచ్చడి బాగుందండీ అని కూడా అన్నాను. చేతులు కడుక్కుంటుంటే మడుగు వైపు నుంచి గొలుసు చప్పుడు వినిపించింది.

సముద్రం లాకు మూసుకునే చప్పుడు వేరు, మడుగు తలుపు తెరుచుకునే చప్పుడు వేరు. మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా ఆ తేడా తెలుస్తుంది.

పరిగెత్తాను. నేను గదిలోకి వచ్చేసరికి పల్లాలమ్మగారు నిలబడి రెండు చేతులతో బల్ల తడుముతున్నారు. ఆవిడ ఎప్పటిలాగే ఒక జాన, రెండు వేళ్ళు కొలిచి సముద్రం లాకు మూయడానికి నొక్కారు. ఆ చోటికి అప్పటికే బల్ల మడుగు తలుపు తెచ్చి పెట్టింది, రోజూ ఆ వేళకి ఆవిడ దాన్ని కూడా వాడతారని. చప్పుడు విని తప్పు తెలిసి మళ్ళీ అక్కడే నొక్కారు. ఈలోగా అక్కడికి ఇంకో బొమ్మ వచ్చి కూర్చుంది, అప్పటిదాకా మూసి ఉన్న సముద్రం రెండో లాకు కూడా తెరుచుకుంది. పాత వెర్షన్ అయితే ప్రతిదానికీ "నిజమేనా?" అని ఒకే చోట అడిగేది. ఇది అలవాటైన పనికి అడగదు.

"రత్నం! నువ్వేనా? చూడవే, చూడు, ఏమైందో చూడు!"

ఆవిడ చేతులు పక్కకి నెట్టి అన్నీ మూశాను. అప్పటికే అమావాస్య పోటు మడుగులోకి తిరిగిపోయింది. దిగువ వరస ఇళ్ళన్నీ తాగేది ఆ నీళ్ళే. ఆ పక్కనే తెప్పల మీద ఏసుబాబు పోసిన నారుమడి ఉంది, ఊరందరి ఊడ్పులకీ అదే ఆధారం. సాయంత్రానికి నారు కొసలు ఎర్రబడ్డాయి. ఏసుబాబు మొలలోతు నీళ్ళలో నిలబడి ఎవరినీ ఏమీ అనకుండా పరకలు పీకి చూస్తున్నాడు. తిట్టినా బాగుండును.

బల్ల చిట్టా రాసిపెట్టింది. "మానవ పొరపాటు వల్ల ఉప్పునీరు ప్రవేశించింది." ఆ మానవులెవరో అది రాయలేదు.


గురువారం, శుద్ధ పాడ్యమి

సంఘం కూర్చుంది. సూర్రావుగారు బల్ల దాచుకున్న లెక్కంతా తీయించారు. "కొత్త వెర్షన్‌కి మీరే ఒప్పుకున్నారు కదా పల్లాలమ్మగారూ. ఇదిగో, పోయిన శుక్రవారం, మీ బల్ల మీదే, మీ పేరుతోనే" అన్నారు.

తల వంచుకుని కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగకి కనీసం ఆ తేలు నొప్పన్నా ఉంటుంది.

ఆవిడ నా వైపు తిరగలేదు. ఒక్క క్షణం కూడా నన్ను అనుమానించలేదు. నేను "తర్వాత" అని నొక్కి ఉంటానన్న నమ్మకం అంత గట్టిది. అందుకే తప్పు ఇంకెక్కడో వెతుక్కున్నారు.

"నేనే నొక్కుంటానండి," అన్నారు మెల్లిగా. "నాకు గుర్తు లేదు. మా అమ్మకీ ఇలాగే మొదలైందండి. ముందు చేతులు తప్పినియ్యి. ఆనక మమ్మల్నే మీరెవరమ్మా అనేది. నన్ను దింపెయ్యండి."

ఎవరూ కేకలెయ్యలేదు. అందరికీ జాలే. దిగువ వరస వాళ్ళు కూడా, ఉప్పునీళ్ళతో గొంతు మండుతున్నవాళ్ళు కూడా, "పెద్దామె, పాపం" అన్నారు. ఏసుబాబైతే చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దింపి వచ్చాడు.

ఆ తర్వాత సూర్రావుగారు పెద్ద బల్ల నాకిచ్చారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను నాలుగేళ్ళుగా కోరుకున్నది అదే. ఛీ.


శనివారం, తదియ

నిన్నంతా పడవల మీద దిగువ వరసకి నీళ్ళు మోశాం. ఇవాళ పెద్ద బల్ల ముందు కూర్చున్నాను. బొమ్మలన్నీ నా చేతికిందికి పరిగెత్తుకుంటూ వస్తున్నాయి. చూస్తే అసహ్యం వేసింది. ఈ సర్దే గుణాన్ని ఎక్కడ ఆపాలో వెతుకుదామని సిస్టం లోపలికి వెళ్ళాను. నా బల్ల మీద ఏడాదిగా వాడుతున్నాను గానీ, అందులో ఏమేం ఉన్నాయో ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు.

ఆపడానికి ఒక మీట ఉంది. బొమ్మల్ని ఉన్నచోటే మేకు కొట్టినట్టు బిగించెయ్యొచ్చు. దాని కింద ఇంకొకటి కనిపించింది. "చూపు లేనివారికి." మూడు వేళ్ళు ఆనిస్తే చాలట. తర్వాత వేలు ఏ బొమ్మ మీదికి వెళ్తే దాని పేరు బల్ల పైకి చదువుతుంది, తెరిచి ఉందో మూసి ఉందో చెబుతుంది, రెండుసార్లు తడితే గానీ పని చెయ్యదు. కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. నాలాంటిదానికే పావుగంటలో వచ్చేసింది.

బల్ల మీద తల ఆనించి ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.


ఆదివారం, చవితి

పల్లాలమ్మగారింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ఆవిడ చాప మీద కూర్చుని వేళ్ళు మడుస్తూ నక్షత్రాలు చెప్పుకుంటున్నారు. "అశ్విని, భరణి, కృత్తిక..." మఖ దగ్గరికి వచ్చి, పుబ్బ అని, ఆగిపోయారు. మళ్ళీ మొదటికి వెళ్ళారు. మళ్ళీ పుబ్బ దగ్గర ఆగారు.

"ఎవరది? రత్నమా? పుబ్బ తర్వాత ఏంటే?"

"ఉత్తరండి."

"ఉత్తర! చూశావా, పోతంది. ఒక్కోటీ పోతంది," అన్నారు. మళ్ళీ మొదటి వేలు మడిచారు.

కూర్చోలేదు నేను. నిలబడే చెప్పేశాను. "మీ మతి ఎక్కడికీ పోలేదండి. ఆ శుక్రవారం నేను తర్వాత అని నొక్కలేదు. ఇప్పుడు అని నొక్కాను. కోపంతో నొక్కాను. అందుకే బొమ్మలు జరిగాయి. మీరు నొక్కాల్సిన చోటే నొక్కారు. మీకు కళ్ళు కనపడవని సోమవారమే తెలిసింది నాకు. తెలిసి కూడా నోరు మూసుకున్నాను."

తర్వాత ఆవిడ మొహం చూస్తే, నేను అనుకున్నదేదీ అందులో లేదు. నవ్వుతున్నారు.

"అయితే నా బుర్ర బానే ఉందంటావా?"

"బానే ఉందండి."

"ఒట్టు?"

"ఒట్టండి."

"అమ్మయ్య! నా తల్లే, అమ్మయ్య!" అని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నాలుగు రోజులుగా ఆవిడ ఎంత నరకం చూశారో అప్పుడు అర్థమైంది నాకు. చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు.

కాసేపటికి చేతులు దించారు. నవ్వు పోయింది.

"నాలుగు రోజులు," అన్నారు. "నన్ను నేనే పిచ్చిదాన్ననుకుంటా కూచుంటే, నువ్వక్కడ నా కుర్చీలో కూచున్నావు. ఆ ఏసుబాబు నారు చచ్చిపోయింది. పో అవతలికి."

"పిన్నిగారూ, రేపు సంఘంలో నేను నొక్కిన సంగతి చెప్పేస్తాను. మీ కళ్ళ సంగతి మాత్రం..."

"నా కళ్ళ సంగతి నేను చెప్పుకుంటాను. నీ నోటితో అక్కర్లేదు. పో అన్నానా!"


సోమవారం, పంచమి

సంఘంలో మొత్తం చెప్పాను. ఉడుక్కుని నొక్కడం, సోమవారం తెలియడం, మంగళవారం మింగెయ్యడం, బుధవారం పెసరట్టు. పెసరట్టు దగ్గర సూర్రావుగారు తల దించుకున్నారు, ఆయన తప్పేం లేకపోయినా. ఎవరో వెనకనుంచి, "మరి బొమ్మలు జరిగితే ఆవిడకి కనపడలేదా?" అని అడిగారు.

పల్లాలమ్మగారు లేచారు. "కనపడవు," అన్నారు. "మూడేళ్ళ నించీ కనపడవు. చెబితే దింపేత్తారని చెప్పలేదు. దింపి నన్నో మూల కూచోబెడితే ఏం చేసుకుని బతకను, ఈ పని తప్ప నాకేం వచ్చు? తప్పే. ఊరి నీళ్ళతో ఆటలాడాను. కానీ మతి మాత్రం పోలేదు, అది అందరూ రాసుకోండి!"

ఏసుబాబు మొదటిసారి నోరు విప్పాడు. "ఇద్దరూ ఇద్దరేనండి. మధ్యలో నా నారు పోయింది," అన్నాడు.

నన్ను బల్ల మీంచి తీసేశారు. మళ్ళీ నారు పోసి అది అందొచ్చేదాకా ఏసుబాబు తెప్పల మీద పనిచెయ్యాలి, లాకుల గదిలో అద్దం ముట్టుకోకూడదు. న్యాయమే. నేను ఒక్కటే అడిగాను. కొత్త వెర్షన్‌లో చూపు లేనివారికి ఒక ఏర్పాటు ఉంది, దాన్ని పల్లాలమ్మగారికి ఒకసారి చూపించనివ్వండి అన్నాను. సూర్రావుగారు ఆలోచించి, "గుమ్మంలో నిలబడి నోటితో చెప్పు, లోపలికి రావద్దు" అన్నారు. ఇవాళ పోటు చిన్నదే, లాకులన్నీ మూసే ఉన్నాయి.

ఆవిడ బల్ల ముందు కూర్చున్నారు. ఏసుబాబూ, సూర్రావుగారూ అటూ ఇటూ నిలబడ్డారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"మూడు వేళ్ళు ఒక్కసారి ఆనించండి పిన్నిగారూ. అలాగే ఉంచండి."

"చదివి వినిపించడం మొదలైంది," అంది బల్ల. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. మళ్ళీ పెట్టారు. ఈసారి జాన కొలవలేదు. ఒక్క వేలు అద్దం మీద మెల్లిగా జరుపుతూ వెళ్ళారు.

"సముద్రం లాకు, ఒకటి. మూసి ఉంది. సముద్రం లాకు, రెండు. మూసి ఉంది. మంచినీళ్ళ మడుగు తలుపు. మూసి ఉంది."

మడుగు దగ్గర వేలు ఆగిపోయింది. బల్ల ఇంకోసారి చెప్పింది. ఆవిడ ఇంకోసారి విన్నారు.

"ఇది ఎప్పుడొచ్చిందే దీంట్లోకి?"

"ముప్పై మూడో వెర్షన్ నించీ ఉందటండి."

"అంటే నేను తర్వాత, తర్వాత అంటన్నన్నాళ్ళూ ఇది ఉండనే ఉంది." ఆవిడ వేలు ఇంకా మడుగు తలుపు మీదే ఉంది. "నువ్వు నొక్కిన కాణ్ణించీ నా చేతికిందే ఉంది."

"ఉందండి."

ఆవిడ మొహం గుమ్మం వైపు తిప్పారు, నేను నిలబడ్డ చోటికి కాకుండా కొంచెం పక్కకి.

"చెప్పి నొక్కుంటే నీకు చీర పెట్టేదాన్ని గదే," అన్నారు.